వెనక్కి పంపిన తాళంచెవి

శాలిబండ, హైదరాబాదు
1979 ఆగస్టు

ఏమండీ,

మీ రాజమణి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, అత్తమ్మ మోకాళ్లు తప్ప. బెంగుళూరులో మీ ట్రైనింగూ, మీ ఒళ్లూ బాగున్నాయని తలుస్తాను.

మన అంజన్‌కు జ్వరం తగ్గింది, బడికి పోతున్నాడు, ఇంట్లో లొల్లి మళ్లీ మొదలైంది. "నీ రేడియోలో ఎవరైనా పలికారా" అని మీరు ఎకసెక్కంగా అడిగారు. పలికారు. మొన్న జపాను నుంచి ఒకాయన. మోర్సు కోడు టకటకల్లో ఆడో మగో తెలియదు కదా, నన్ను 'ఓల్డ్ మ్యాన్' అన్నాడు. మగ ఆపరేటర్లు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు. నేను ఊరుకుంటానా? ఆడదాన్నని కొట్టి చెప్పాను.  తర్వాత క్షమించమని, రేపూ రమ్మని కొట్టాడు.

ఇక క్వార్టర్ సంగతి. మీతో ఫ్యాక్టరీలో పనిచేసే ఓదెలు, కంపెనీ మీకిచ్చిన కంచన్‌బాగ్ క్వార్టర్ తాళంచెవి తెచ్చాడు. "వదినా, నల్లా ఇంట్లనే ఉంటది. గా ఏరియల్ తీగ మాత్రం అక్కడ నడవదు, కట్టనియ్యరు" అన్నాడు. అత్తమ్మ మొహం వెలిగిపోయింది. "ఓ తీగకేంది బిడ్డా, ఊడబీకి పారేయ్. గీ మెట్లు ఎక్కుడు దిగుడు నాతోని అయితలేదు" అంది. మీరూ పోయిన ఉత్తరంలో అదే రాశారు, ఆ ఆట ఇక చాలని.

ఆట అన్నందుకు మస్తు కోపం వచ్చింది. జుమేరాత్ బజారులో పాత సామాన్లలోంచి ఒక్కోటి ఏరి తెచ్చి, వేళ్లు కాల్చుకుని కట్టిన సెట్టు అది. పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాను. నాకు తెలిసి పాతబస్తీలో ఇంకో ఆడదానికి అది లేదు. నేను గూఢచారినని గల్లీ అంతా గుసగుసలాడినప్పుడు, ఇంటి ఓనరు ఖదీర్ భాయ్ "కట్టుకో బహెన్, కాయ్కు డర్నా?" అని, భయమెందుకని, మేడ మీద ఏరియల్ బొంగు దగ్గరుండి నిలబెట్టించాడు. ఆయనకున్న ధైర్యం మీకు లేకపోతే ఎలా?

ఇక దాచను. క్వార్టర్ వద్దని చెప్పి తాళంచెవి వెనక్కి పంపేశాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే ఏమంటారో తెలుసు. అత్తమ్మ నాతో మాట్లాడటం లేదు.  అయినా ఆమెను మెట్లు దిగనివ్వకుండా కింది నుంచి నీళ్లన్నీ నేనే మోస్తున్నాను.

మీరు వచ్చాక సంతకం పెట్టి క్వార్టర్ తీసుకుంటే అడ్డుపడను. అత్తమ్మను తీసుకుని వెళ్లండి, ఆదివారాలు వచ్చి చూసుకుంటాను. అంజన్ నా దగ్గరే ఉంటాడు. నేను మాత్రం ఈ మేడ దిగను. మీకు నేను కావాలంటే ఏరియల్‌తో సహా కావాలి.

ఇట్లు,
ఈ ఒక్క మాట వినని మీ ఇల్లాలు,
రాజమణి