పుస్తకం ఉన్న డబ్బా

అక్టోబర్ 16, 2011, ఆదివారం రాత్రి

నాన్న పోవడానికి ముందు ఏడాది కాన్యన్‌లో దాచిన జియోకాష్ డబ్బా కోసం ఇవాళ అమ్మా నేనూ వెళ్ళాం. అదొక ఆట: జీపీఎస్ పట్టుకుని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు అందులోని చిన్న పుస్తకంలో పేరు రాసి వెళ్ళాలి. ఈ మధ్య ఎవరికీ దొరకడం లేదట. ఉందో లేదో చూసి చెప్పకపోతే ఆ ఆట వెబ్‌సైట్ నుంచి తీసేస్తామని నాన్న పేరు మీద మెయిల్ వచ్చింది.

రాతిగోడల మధ్య జీపీఎస్ ఒక్కచోట నిలవలేదు. కనిపించిన ప్రతి రాయి కిందా చూశాను. విసుగొచ్చి, "ఎవరో తీసేసుంటారమ్మా, గివప్ చేద్దాం" అన్నాను.

అమ్మ కదల్లేదు. "లోపల పుస్తకం ఉందన్నావుగా? మీ నాన్న పుస్తకాన్ని కాళ్ళ దగ్గర పెడతారా? పైన చూడు."

తలెత్తితే గోడలో అర లాంటి పగులు, అందులో డబ్బా. అమ్మ చేతికర్రతో లాగితే పట్టుకున్నాను.

పేర్లు రాశాక, "అందరికీ దొరికేలా కింద పెడదామా?" అని అడిగాను.

"వద్దు. ఆయన పెట్టిన చోటే పెట్టు."

మునివేళ్ళ మీద నిలబడినా చెయ్యి అందలేదు. చివరికి ఒక రాయి దొర్లించుకొచ్చి ఎక్కాల్సి వచ్చింది.

నాన్న అంత పొడుగన్న సంగతి నేనెప్పుడు మరిచిపోయాను?