రెండు గంటలకోసారి

జూన్ 9, సోమవారం

ఈ నోట్‌బుక్ అట్ట మీద ఫిజిక్స్ రికార్డ్ అని రాశాను. ఇంట్లో ఎవరూ తెరవరు.

ఇల్లంటే రాంచందర్ మామ నడిపే ఓల్డేజ్ హోమ్ వెనక గది. కరీంనగర్ బైపాస్ పక్కన. మమ్మీ ఇక్కడ వంట చేస్తుంది. ముసలివాళ్లు ఇరవై రెండు మంది. చూసుకునేది అతియా ఆపా ఒక్కతే.

పందొమ్మిదిన ఇన్‌స్పెక్షన్. ముసలివాళ్లను ఎట్లా చూసుకున్నామో రోజూ రాయాల్సిన రిజిస్టర్ మార్చి నుంచి ఖాళీ. మామ తెచ్చి నా ముందు పెట్టాడు. నీ ఇంగ్లిష్ రైటింగ్ అచ్చు గుద్దినట్టుంటది, జర రాసియ్యి కోడలా అన్నాడు.

ఒకరోజు బ్లూ పెన్, ఒకరోజు బ్లాక్ పెన్. ఆ ముసలివాళ్లలో ఐలవ్వ మంచం దిగలేని మనిషి. పుండ్లు పడకుండా ఆమెను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలట. లెఫ్ట్, రైట్, లెఫ్ట్, రైట్. స్కిన్: నార్మల్. మార్చి మొత్తం ఒక్క సాయంత్రంలో తిప్పేశాను. వాడినట్టు కనబడాలని మామ రెండు పేజీల మీద టీ చుక్కలు వేశాడు. నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను.

జూన్ 11

చెయ్యి గుంజుతోంది. ఏప్రిల్ అయిపోయింది.

జూన్ 14, శనివారం

వాసన. నాలుగుసార్లు సబ్బుతో కడుక్కున్నా పోవట్లేదు.

దుప్పటి మార్చాలె, జర పట్టుకో బేటీ అని అతియా ఆపా పిలిచింది. ఐలవ్వను పక్కకు తిప్పాం. నడుము కింద పుండు. పుండు కాదు, గుంత. టీ గ్లాసు మూతి అంత. లోపల ఏదో తెల్లగా ఉంది. ఎముకట.

పోయి రిజిస్టర్ తీశాను. నిన్నటి దాకా రాసేశాను. స్కిన్: నార్మల్. స్కిన్: నార్మల్. ఒక్క కొట్టివేత లేదు.

ఐలవ్వ కోరుట్లలో యాభై ఏళ్లు బీడీలు చుట్టింది. ఇప్పటికీ ఆమె వేళ్లు ఖాళీగా చుడుతూనే ఉంటాయి. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా నవ్వింది. నీ బుక్కుల నేను మస్తు పొర్లుతున్ననట గదా బిడ్డా, గా బుక్కులనే పండవెట్టరాదు నన్ను అంది.

ఆపా చెప్పి ఉంటుంది. రాత్రి నేను అన్నం తినలేదు.

జూన్ 15

హాస్పిటల్‌కు తీసుకుపోదామని మామకు చెప్పాను. పందొమ్మిది దాటనియ్ అన్నాడు. గిప్పుడు తీస్కపోతే గింత పుండు ఎట్లయిందని డాక్టర్ అడుగడా అన్నాడు. అడిగితే నేను చెప్తానన్నాను. చెప్పు కోడలా, రిజిస్టర్ల రైటింగ్ ఎవలిదో గది గూడ చెప్పు అని నవ్వాడు.

మమ్మీ గిన్నెలు తోముతూ అంతా విన్నది. తలెత్తలేదు. గదిలోకి వచ్చాక మాత్రం, మీ బాపు దుబాయ్‌ల పని పోయి కూసున్నడు, ఇది బందైతే మనం ఏడ పండాలె అంది.

ఐలవ్వ దేని మీద పండుతుందో నీకు తెలుసా మమ్మీ? అడగలేదు. ఇక్కడ రాస్తున్నాను, అంతే.

జూన్ 16

ఫోన్‌లో వెతికాను: పదిహేనేళ్ల అమ్మాయిని జైల్లో పెడతారా. తర్వాత హిస్టరీ డిలీట్ చేశాను.

జూన్ 19, గురువారం, సాయంత్రం 5

ఇన్‌స్పెక్షన్ మేడమ్ వచ్చింది. బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్ లాగి చూసింది. మంటలార్పే సిలిండర్ మీద డేట్ చదివింది. పప్పు రుచి చూసింది. ఐలవ్వ గదిలో అగరుబత్తులు, కొత్త గులాబీ దుప్పటి. రిజిస్టర్ తిరగేసి, ఇంత నీట్‌గ ఎవ్వరు మెయింటేన్ చెయ్యరు అంది.

దుప్పటి ఎత్తు మేడమ్. ఒక్కసారి ఎత్తు.

ఎత్తలేదు. మంచిగ తిప్పుతున్నరా అవ్వా అని అడిగింది.

ఐలవ్వ నా వైపు చూసింది. గీ పిల్ల మస్తు జూస్తది మేడమ్, రెండు గంటలకోపారి తిప్పుతరు అంది.

నా కోసం. ఆ గుంత మీద పడుకుని నా కోసం అబద్ధం చెప్పింది.

నేనేం చేశాను? గోడకు ఆనుకుని నిలబడ్డాను. మేడమ్ సంతకం పెట్టి కారెక్కి పోయింది. మామ అంటే అసహ్యం. మేడమ్ అంటే అసహ్యం. తలెత్తని మమ్మీ అంటే కూడా. నా చేతిరాత అంటే అన్నిటికన్నా ఎక్కువ. పెన్ను పేజీని చింపేస్తోంది.

పందొమ్మిది అయిపోయింది కదా, హాస్పిటల్ ఎప్పుడని మామను అడిగాను. సోమవారం జూద్దాం తియ్ అని నాకు ఐస్‌క్రీమ్ ఇచ్చాడు. సింకులో పారేశాను.

జూన్ 20. రిజిస్టర్‌లో రాసినదే ఇక్కడా రాస్తున్నాను

మార్చి నుంచి ఉన్నదంతా అబద్ధం. రాసింది నేను.

మధ్యాహ్నం 2:00. లెఫ్ట్. తిప్పింది అతియా ఆపా, నేను.

4:00. రైట్.

4:10. 108కు ఫోన్. నా పేరు చెప్పాను.

4:45. అంబులెన్స్. మామ గేటుకు అడ్డం నిలబడ్డాడు. మమ్మీ వచ్చి గేటు తీసింది.

6:00. లెఫ్ట్. గవర్నమెంట్ హాస్పిటల్. రిజిస్టర్ నా ఒళ్లో ఉంది. డాక్టర్ పిలుస్తున్నాడు.

స్కిన్: నార్మల్ కాదు.