పెట్టెలో ఏం పెట్టుకోను?

బ్లూఫీల్డ్స్, ఓల్డ్ బ్యాంక్ పేట
సెప్టెంబరు 4

ప్రియమైన ఆల్‌స్టన్‌కు,

కోపంతోనే మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకు. మీ షికారు ఓడ మీద పదిహేనేళ్లు దాటిన పనివాళ్ల భార్యలకు ఒక వారం ఉచితంగా గది ఇస్తారట. ఈ మాట నువ్వు చెప్పాలి నాకు. రొట్టెల కొట్టు దగ్గర పదిమందిలో డెల్సీ చెప్పింది. "అదేంటే, మీ ఆయన చెప్పలేదూ? మా ఆయన రాసి రెండు నెలలైంది!" అంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అటునుంచి అటే ఏజెంటు ఆఫీసుకు పోయి పేరు రాయించుకున్నాను. నవంబరు 14న కోలోన్ రేవులో మీ ఓడ ఎక్కుతున్నాను. మూడు రోజులు పడవలూ బస్సులూ మారాలి, మారతాను. నువ్వు సముద్రం మీదికి వెళ్లిన ఈ పదిహేడేళ్లలో మనం ఒక కప్పు కింద ఉన్నది మూడేళ్లు కూడా లేదు. ఇద్దరం కలిసి సరదాగా ఎక్కడికీ పోయిందే లేదు.

ప్రతిసారీ నీ పెట్టె సర్దేది నేనే. చొక్కాల మధ్య అల్లం బిస్కెట్లు, మూలన కలబంద గుజ్జు కొబ్బరినూనెలో కాచిన డబ్బా, అన్నీ కళ్లు మూసుకుని పెట్టేస్తాను. నా పెట్టె దగ్గరికి వచ్చేసరికి చేయి ఆడటం లేదు. ఓడలో ఆడవాళ్లు ఏం వేసుకుంటారు? తువ్వాళ్లు మనమే తెచ్చుకోవాలా? ఇస్త్రీపెట్టె పెట్టుకోనా? వివరంగా రాయి.

నీ కోసం రోజులు లెక్కపెట్టుకునే
వెర్లీన్


కోజుమెల్ రేవు
సెప్టెంబరు 19

ప్రియమైన వెర్లీ,

నీ ఉత్తరం చదివి మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. సంతోషంతోనే. చెబుదామనే అనుకుంటున్నాను, ఈలోగా నువ్వే తొందరపడ్డావు. నవంబరులో సముద్రం మంచిది కాదు. వచ్చే ఏప్రిల్ అయితే బాగుంటుంది.

పెట్టె సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నాను. రాత్రి భోజనానికి పొడుగు గౌను ఉండాలి, రోజుకొకటి. ఒకసారి వేసింది మళ్లీ వేస్తే వెనక నవ్వుతారు. గౌనుకు తగ్గ చెప్పులు, చేతిసంచి కావాలి. మోచేతుల దాకా తొడుగులు కావాలి. కెప్టెన్ విందుకు ముత్యాల దండ లేకపోతే గుమ్మం దాటనివ్వరు. వడ్డించేవాళ్ల పెద్దగా ఆ గుమ్మం దగ్గర నిలబడి వెనక్కి పంపేది నేనే కదా, సొంత పెళ్లాన్ని ఏ ముఖంతో పంపను?

ఇవన్నీ ఎక్కడినుంచి తెస్తావు చెప్పు? నువ్వు అవస్థ పడతావనే నా బాధ. టికెట్ తిరిగి ఇచ్చేయ్.

కలబంద డబ్బా అయిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. వంటగది వేడికి పనికొస్తోంది.

నీ
ఆల్‌స్టన్


ఓల్డ్ బ్యాంక్
అక్టోబరు 5

ప్రియమైన ఆల్‌స్టన్‌కు,

ఏడు గౌన్లూ దొరికాయి! పేటంతా నా కోసం బీరువాలు తెరిచింది. పాస్టరుగారి భార్య తన పెళ్లినాటి చేతి తొడుగులు ఇచ్చింది. ముత్యాలు బడి పిల్లలు క్రిస్మస్ నాటకంలో వేసుకునేవి, దగ్గరికి వచ్చి చూస్తే తప్ప తెలియదు. పక్కింటి మిస్ ఇనెజ్ ఏం చేసిందో తెలుసా? తనను పాతిపెట్టేటప్పుడు వేయమని దాచుకున్న ఊదారంగు పట్టు గౌను తెచ్చి నా ఒళ్లో పడేసింది. "పద్నాలుగున ఎక్కి ఇరవై ఒకటిన దిగుతావు, అంతేగా? అప్పటిదాకా చావనులే, పోయిరా పిల్లా" అంది. నవ్వలేక చచ్చాను.

సముద్రం సంగతి నాకు చెప్పకు. ఈ తీరంలో పుట్టినదాన్ని.

భోజనాల హాలు ఎలా ఉంటే నాకేం? నువ్వు పనిచేసే చోటు చూడాలి నేను. ఒక గంట పక్కన కూర్చోనిస్తారా? అక్కడ ఉక్కగా ఉంటుందని పలచటి నూలు గౌను కూడా పెట్టుకున్నాను. నువ్వెక్కడుంటావో, ఎన్ని మెట్లు దిగి రావాలో రాయి.

సెలవు అయిపోయి ఓడకు తిరిగి వస్తున్న డెల్సీ వాళ్లాయన చేత కలబంద డబ్బాలు రెండు పంపుతున్నాను. ఉదయం, పడుకునే ముందు, రెండుపూటలా రాసుకో.

పెట్టె మూత పట్టక దానిమీద కూర్చుని రాస్తున్న
నీ వెర్లీన్


ఓడ మీద నుంచి
అక్టోబరు 18

ప్రియమైన వెర్లీ,

దండం పెడతాను, రావద్దు.

నీకు ఇచ్చే గదికి కిటికీ ఉండదు. మంచాలు ఇరుకు. పనివాళ్లం ప్రయాణికుల అంతస్తుకు రాకూడదు, ప్రయాణికులు మా వైపు దిగకూడదు. నన్ను చూడటానికి మూడు రోజులు ప్రయాణం చేసి, నన్ను చూడకుండానే తిరిగి పోతావు. నువ్వు అడిగిన చోటికి నిన్ను తీసుకెళ్లలేను. ఎందుకని అడగకు. నువ్వొస్తే ఇన్నేళ్లుగా నేను కట్టుకున్నది కూలిపోతుంది, ఇంతకంటే రాయలేను.

గౌన్లు ఎవరివి వాళ్లకు ఇచ్చేయ్. నాకు జ్వరమనో, ఓడ మరమ్మతుకు పోయిందనో, నీ ఇష్టం వచ్చింది చెప్పు. డిసెంబరులో నేనే వస్తాను. నా మాట విను వెర్లీ, ఈ ఒక్కసారికి విను.

నీ
ఆల్‌స్టన్


ఓల్డ్ బ్యాంక్
అక్టోబరు 27

ఆల్‌స్టన్,

దాని పేరేమిటి?

ఒక ఉత్తరంలో గుమ్మం దగ్గర నిలబడేది నేనే అంటావు. ఇంకో ఉత్తరంలో ఆ అంతస్తుకే రాకూడదంటావు. ముత్యాలు లేకపోతే రానివ్వరంటావు, ముత్యాలు దొరికితే గదికి కిటికీ లేదంటావు. నాకు పెట్టె సర్దుకోవడం నేర్పావా, ఇంట్లోంచి కదలకుండా కట్టేశావా? నేను కాళ్లరిగేలా ఇంటింటికీ తిరిగి గౌన్లు అడిగానే! ఆ గౌన్లే మళ్లీ చంకన పెట్టుకుని తిరిగి ఇచ్చి వచ్చాను. మిస్ ఇనెజ్ తలుపు తీయలేదు. "ఇచ్చింది వెనక్కి పుచ్చుకోను, పో" అని లోపలినుంచే అరిచింది.

ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. సంవత్సరానికి పది నెలలు ఒంటరిగా ఎందుకున్నాను నేను? నువ్వు అక్కడ ఒంటరిగా ఉన్నావనే కదా? నువ్వు ఒంటరివి కాకపోతే నేను ఇన్నేళ్లూ ఎవరి కోసం ఉన్నట్టు?

నవంబరు 11న పొద్దున్నే రామా ఊరికి వెళ్లే పడవ ఉంది. ఆ లోపు నిజం రాయి. రాయకపోతే ఆ పడవే ఎక్కి లిమోన్‌లో మా అక్క దగ్గరికి పోతాను, తిరిగి రాను. తాళంచెవి మిస్ ఇనెజ్ దగ్గర ఉంటుంది. ఇకనుంచి నీ పెట్టె నువ్వే సర్దుకో.

వెర్లీన్


ఓడ మీద నుంచి
నవంబరు 5

నా వెర్లీ,

ఎవరూ లేరు. మా అమ్మ సమాధి మీద ఒట్టు. దీన్ని విమానంలో ఇంటికి వస్తున్న కుర్రవాడి చేతిలో పెట్టి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. పదకొండు లోపు నీకు అందాలి.

నేను భోజనాల హాలులో లేను. పదేళ్ల కిందట ఒక పెద్దావిడ ఒళ్లో వేడి సూప్ ఒంపేశాను. ఆ మర్నాడే నన్ను కిందికి దించారు. అప్పటినుంచి ఓడ అడుగున, బట్టలు ఉతికే చోట ఉన్నాను. దుప్పట్లను ఇస్త్రీ చేసే వేడి రోలర్ల మధ్యకు తోసే పని నాది. ఇంటికి వచ్చినప్పుడల్లా చేతులు జేబుల్లో పెట్టుకుని తిరిగేది అందుకే. ముందుగదిలో మీ నాన్న తగిలించిన ఫోటోలోని తెల్లకోటు నాది కాదు, అడిగి తెచ్చుకున్నది. వడ్డించేవాళ్ల పెద్దనయ్యానని ఆయన చర్చిలో అందరికీ చెప్పుకుంటుంటే నోరు విప్పలేకపోయాను. ఆ తర్వాత ఏడాదికేడాది ఇంకా కష్టమైంది. ఇక్కడున్న మనూరివాళ్లు ముగ్గురి చేతా ఒట్టు వేయించుకున్నాను. నువ్వు మెట్లు దిగి వచ్చి ఆ ఆవిర్లో నన్ను చూస్తావన్న భయంతో పిచ్చివాడినైపోయాను.

ఇప్పుడు అడుగు, పెట్టెలో ఏం పెట్టుకోవాలో. మంచి గౌను ఒక్కటి చాలు, రోజూ అదే వేసుకున్నా ఎవరూ చూడరు. హాలులో చలిగా ఉంటుంది, స్వెటర్ తెచ్చుకో. రేవులో ఇచ్చిన పెట్టె గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది, కాబట్టి కాగితాలు, మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెట్టుకో. అన్ని పెట్టెలూ ఒకేలా ఉంటాయి, నీ దానికి ఎర్ర రిబ్బను కట్టు. ఇస్త్రీపెట్టె తెస్తే లాక్కుంటారు. తువ్వాళ్లు తేవద్దు. రోజుకు వేలకొద్దీ ఉతికేది నేనే. దిగే ముందురోజు పెట్టె తలుపు బయట పెట్టమంటారు, తెల్లారి వేసుకునే బట్టలు మాత్రం దాచుకో. పోయిన నెల ఒకాయన అన్నీ సర్దేసి తువ్వాలు చుట్టుకుని దిగాడు. మందపాటి అడుగున్న చెప్పులు తెచ్చుకో, మా దగ్గర నేల కాలుతుంది.

మా వైపు దిగనివ్వరన్నదీ అబద్ధమే. వస్తే, ఆ రోజు నాలుగు గంటలకు పనివాళ్ల మెట్ల దగ్గర నిలబడతాను. చొక్కా జేబు మీద నా పేరు కింద నా పని రాసి ఉంటుంది. చదివి వెనక్కి తిరిగి పోయినా నేనేమీ అనను.

ఆల్‌స్టన్


కోలోన్ రేవు
నవంబరు 14, ఒంటిగంట, వరుసలో నిలబడి

ప్రియమైన మూర్ఖుడికి,

నువ్వు బట్టలు ఉతుకుతావని నాకు తొమ్మిదేళ్లుగా తెలుసు.

ఒట్టు వేసిన వారానికే డెల్సీ వాళ్లాయన డెల్సీకి రాశాడు. డెల్సీకి తెలిస్తే పేటకు తెలిసినట్టే. నీ పరువు పోకూడదని ఓల్డ్ బ్యాంక్ మొత్తం నీ ముందు నోరు కుట్టేసుకుంది. నాన్నకూ తెలుసు. ఫోటో చూసినప్పుడల్లా "కోటు చేతులు వేళ్ల దాకా వచ్చాయి, ఎవరిదో పాపం" అని నవ్వేవాడు. పోయేదాకా దాన్ని గోడమీంచి తీయనివ్వలేదు.

చెప్పు, వడ్డించేవాడి పెళ్లాం ప్రతిసారీ పెట్టెలో కాలిన చేతుల మందు ఎందుకు పెడుతుంది? తొమ్మిదేళ్లు పెట్టాను. ఎందుకు పెట్టావని ఒక్కసారైనా అడుగుతావని చూశాను. అడగకపోతే, నాకు తెలుసని నీకు తెలిసిపోయిందిలే అనుకున్నాను. అలాంటిది నువ్వు రావద్దనేసరికి, ఇక దాచడానికి మిగిలింది ఆడమనిషే కదా అని, నీ ఉత్తరం వచ్చేదాకా పదమూడు రోజులు నాకు ముద్ద దిగలేదు. దానికి మాత్రం నిన్ను ఇప్పుడే క్షమించలేను, కొన్నాళ్లు పడుతుంది.

ఒకే పెట్టె తెచ్చాను, ఎర్ర రిబ్బను కట్టాను. అందులో ఊదా గౌను, స్వెటర్ ఉన్నాయి. చెప్పులు కాళ్లకు ఉన్నాయి. కలబంద డబ్బా చేతిసంచిలో ఉంది. మీవాళ్లలో ఒకతను సామాను లోపలికి మోస్తున్నాడు, ఈ కాగితం అతని చేత కిందికి పంపుతున్నాను. నాలుగింటికి వస్తాను.

చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడకు.

నీ పెళ్లాం
వెర్లీన్