హంతకుడి పేరు చెప్పని సినిమా

అక్టోబర్ 11, 2008. శనివారం.

అమెరికాలో, ఈ రెడ్‌మండ్‌లో మేం తెలుగు ఆడవాళ్ళం నెలకోసారి కలిసి సినిమాకి వెళ్తాం. ఏ సినిమా అన్నది వంతులవారీగా ఒకరు చెప్పాలి. ఈసారి వంతు నాది. కౌబాయ్ మిస్టరీ ఒకటి బుక్ చేశాను. ఊరి పోలీసు అధికారి షెరిఫ్‌ని ఎవరో చంపేస్తారు. అతని భార్య గుర్రమెక్కి హంతకుడి కోసం వెతుకుతుంది. చివరికి ఒక తలుపు తడుతుంది. తీసిన మనిషిని చూస్తుంది. ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళిపోతుంది. ఆ మనిషెవరో మనకి చూపించరు. అంతే, లైట్లు వేశారు.

నాకు ఒళ్ళు జలదరించింది. మావాళ్ళకి ఒళ్ళు మండింది.

పార్కింగ్ లాట్‌లోనే చుట్టుముట్టారు. ఇంతకీ చంపిందెవరే దమయంతీ అని పద్మ నిలదీసింది, నేనే చంపినట్టు. నాకేం తెలుసు అన్నాను. తెలీకుండానే మమ్మల్ని రెండు గంటలు గుర్రాల వెనక తిప్పావా అంది.

అక్టోబర్ 12.

పేపర్‌లో రెండు స్టార్లే ఇచ్చారు. పద్మ ఆ రివ్యూని అందరికీ ఫార్వర్డ్ చేసింది, పైన స్మైలీ పెట్టి మరీ.

అక్టోబర్ 13.

మా గ్రూప్‌లో పెద్దావిడ జ్ఞానప్రసూనగారు ఫోన్ చేశారు. అందరికీ ఒక్క సారీ చెప్పెయ్యమ్మా, లేకపోతే ఇక నీకు వంతు ఉండదంటున్నారు అన్నారు.

దేనికి సారీ? బిర్యానీ మాడిస్తే చెప్తాను. సినిమా నచ్చినందుకు చెప్పను. ఆవిడతో అదే అనేశాను. ఫోన్ పెట్టేశాక భయమేసింది. వీళ్ళు తప్ప ఈ ఊళ్ళో నాకు స్నేహితులెవరున్నారు? అయినా చెప్పను.

అక్టోబర్ 14.

ఒక్క మాటే కదా, అనేస్తే గొడవ వదిలిపోతుంది అన్నారు మా ఆయన రామమోహన్. కూర్చోబెట్టి కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. విని, ఇంతకీ చంపిందెవరు అన్నారు.

అక్టోబర్ 16. గురువారం, మధ్యాహ్నం.

వంతుల్లోంచి నా పేరు తీసేశారు. పద్మే ఫోన్ చేసి చెప్పింది. ఏడుపొచ్చింది, దానికి వినపడనివ్వలేదు. పెట్టేసే ముందు గొంతు తగ్గించి, సినిమాలో ఆ ఊరి డాక్టరే కదే చంపింది అంది. రోజూ పడుకోగానే అదే ఆలోచనట. అయితే మంచి సినిమానే అన్నమాట అన్నాను. ఠక్కున పెట్టేసింది.

రేపు కొత్త సినిమాలొస్తాయి, దీన్ని ఎత్తేస్తారు. ఈరోజే ఆఖరు. నేను ఒక్కదాన్నే ఎప్పుడూ సినిమాకి వెళ్ళలేదు.

అక్టోబర్ 16. రాత్రి.

వెళ్ళాను. హాల్లో నేనూ, ముందు వరుసలో ఒక ముసలాయనా. షెరిఫ్ భార్య గుర్రమెక్కగానే నోట్లో రెండు వేళ్ళు పెట్టుకుని ఈల వేశాను. ఉత్త గాలే వచ్చింది.

మళ్ళీ వేశాను. మోగింది.