మీ తరఫున వాదించాను

నాన్నా,

మీరు చెప్పినట్టే డిబేట్ సొసైటీ మానేశాను. ఫోన్‌లో చెబితే "గుడ్, ఇంక కోడింగ్ మీద కూర్చో" అని పెట్టేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మా కాలేజీలో ఈ సొసైటీ 1852లో మొదలైంది. అప్పటి నుంచి ఒక నియమం ఉంది. మానేయాలనుకున్నవాళ్లు అందరి ముందూ నిలబడి, ఎందుకు మానేయాలో వాదించి గెలవాలి. ఓడితే ఉండిపోవాలి. సమావేశాల్లో జరిగింది రాసిపెట్టే పాత మినిట్స్ పుస్తకంలో చూశాను, 1871లో ఒక అబ్బాయి పంట కోతలకి నాన్న రమ్మన్నాడని వాదించాడు. ఓడిపోయాడు.

నేనూ ఓడిపోదామనే వెళ్లాను. తీరా నిలబడ్డాక మీ మాటలే వచ్చాయి. "రెండుసార్లు లేఆఫ్ అయినవాణ్ణి, మాటలు కూడు పెట్టవమ్మా" అన్నారు కదా, అది చెప్పాను. ఆఫీస్ లాప్‌టాప్ తిరిగిచ్చేసిన రోజు మీరు ఇంటికి రాకుండా, హెర్న్‌డన్‌లో ఆఫీస్ బయటే సాయంత్రం దాకా కార్‌లో కూర్చున్నారని అమ్మ ఎప్పుడో చెప్పింది. అదీ చెప్పాను. నాకు ఎదురు వాదించాల్సిన అదితి తన కాగితాలు మడిచి బ్యాగ్‌లో పెట్టేసుకుంది.

అందరూ మీకే ఓటేశారు. నేను ఇంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదట.

నాన్నా, ఒక్కటి అడుగుతాను. ఆ రోజు నా వైపు, అంటే నేను ఉండిపోవాలని, ఎవరూ మాట్లాడలేదు. థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి ఇంటికొస్తాను. భోజనాలయ్యాక మన ఇంట్లో ఇదే డిబేట్ మళ్లీ పెడదాం. మీ వైపు నేనే మాట్లాడతాను. నా వైపు మీరు మాట్లాడండి.

మీ అమ్మాయి