పాలమీది పొర

గోదావరిఖని,
12 ఆగస్టు 2007

నా చిన్ని సారికకు,

అక్క దీవెనలు. నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. ల్యాబులో నువ్వు చూసే పొరా, మన పాలగిన్నెలో కట్టే పొరా ఒకే తీరుగా పుడతాయని రాశావు. ప్రోటీన్లు లోపల ఉండచుట్టుకొని ఉంటాయని, పైన గాలి తగిలేచోటికి రాగానే విచ్చుకుని పక్కదాన్ని పట్టుకుంటాయని, ఎవరూ అల్లకుండానే పొర అవుతుందని. ఇన్నేళ్లు ఆ పొర తీసి నీకు చక్కెరతో పెట్టానే గాని, అదేమిటో ఆలోచించలేదు.

శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక యేసుబాబు బ్రదర్ ఇంటికి వచ్చాడు. గనిలో రిటైరయి, మన చర్చిలో డోలక్ వాయిస్తాడే, ఆయన. భార్య పోయి చాలా ఏళ్లయింది. టీ కోసం పాలు కాచి దించాను. అప్పుడే ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అయింది. గిన్నె అదిరి, పొర ముడతలు పడింది.

"ఇల్లంత అదిరింది గని పొర చినగలే, సూడు సిస్టర్" అన్నాడు.

నువ్వు రాసింది చెప్పాను.

"విచ్చుకున్నది మల్ల లోపటికి పోయి ముడుసుకోదా?"

"శానమట్టుకు పోదంట."

నేనిచ్చిన టీ గ్లాసు అందుకున్నాడు. "అయితే జర ఆలోచించు, ఎలిజబెత్. పెండ్లి చేసుకుందాం. ఇద్దరం ఒక్కకాడ ఉందాం."

దవాఖానలో నేను నర్సు సిస్టర్‌ని, చర్చిలో సిస్టర్‌ని, నీకు అక్కను. నాన్న పోయాక నన్ను ఉత్త పేరుతో పిలిచినవాళ్లు లేరు. నా టీలో చక్కెర రెండుసార్లు వేసుకున్నాను.

రిటైరయ్యాక హైదరాబాదు వచ్చి నీ దగ్గరే ఉంటానని మాట ఇచ్చాను. అది తప్పను. నువ్వు వద్దంటే యేసుబాబు గారికి అదే చెప్తాను. యేసుబాబు గారు తొందరపెట్టే మనిషి కాదు. మోకాళ్ల మీద ఉండి ప్రభువును అడిగాను. మనసు నిమ్మళంగానే ఉంది. నీ మాట కోసం చూస్తాను.

నీ
అక్క

గోదావరిఖని,
1 సెప్టెంబరు 2007

సారికమ్మా,

నీ జవాబు అందింది. "నన్నేంది అక్కా అడుగుడు? ఉత్తరం మొదట్ల యేసుబాబు బ్రదర్ అని రాసినవ్. కిందికొచ్చేసరికి బ్రదర్ పోయిండు, యేసుబాబు గారు వచ్చిండు. పొర ఎప్పుడో కట్టింది" అన్నావు. రాసినదాన్ని నేనే చూసుకోలేదు. సిగ్గయింది. ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నిన్న ప్రార్థన అయ్యాక ఆయనకు సరేనన్నాను.

"మీ చెల్లె ఏమన్నది?"

"మీ 'బ్రదర్' నౌకరి ఊడిందన్నది."

చర్చి మెట్ల మీద అంత గట్టిగా ఆయన నవ్వడం ఇదివరకు ఎవరూ వినలేదు. పాస్టరమ్మ తిరిగి చూసింది.

హైదరాబాదు మాట నువ్వు వదిలేయమన్నా మరిచిపోలేదు. ఇద్దరం వచ్చిపోతుంటాం. నువ్వు పెళ్లికి ముందురోజే రా. పొర తీసి ఉంచుతాను. సగం ఆయనకు కావాలట.

నీ అక్క,
ఎలిజబెత్