పొట్టు తీయని పచ్చడి

కార్తీక శనివారం, మార్కాపురం

చెన్నకేశవస్వామికి దండం పెట్టుకుని పొద్దున గిద్దలూరు బస్సెక్కాను. మా టిఫిన్ హోటల్ పేరు మీద నడిచే ఏడు బ్రాంచీల్లో అక్కడిదొక్కటే మాట వినడం లేదని మా అబ్బాయి శ్రీనుకు కోపం. పల్లీల పచ్చడి అన్నిచోట్లా తెల్లగా ఉంటే, అక్కడ నడిపే రమణమ్మ దగ్గర ఎర్రగా ఉంటుందట. "నువ్వన్నా చెప్పమ్మా. వినకపోతే బోర్డు తీసేయిస్తా" అన్నాడు.

మొదట్లో మా రేకుల టిఫిన్ బంకులో నా పక్కన కూర్చుని రుబ్బిన మనిషి రమణమ్మ. ఇడ్లీ పెడుతూ, "ఏందక్కా, తనిఖీకి వచ్చినావా?" అని నవ్వింది.

"పల్లీల పొట్టు తీయమని రాసిచ్చినాం గదా రమణా."

"మన బంకులో ఎప్పుడన్నా తీసినామా? తెల్లారకముందే లేచి ఇద్దరమే రుబ్బుతుంటిమి. తీసే తీరిక యాడుండె? జనం వచ్చింది ఆ రుచికే గదా."

పచ్చడి అద్దిన ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకోగానే కిరసనాయిలు స్టవ్వు, రేకుల కింద ఉక్క, చేతులు మండినప్పుడల్లా రోలు దగ్గర ఒకరి చోట ఒకరం కూర్చోవడం, అన్నీ గుర్తొచ్చాయి. మొదటి బ్రాంచి ఇచ్చేటప్పుడు, పెద్ద హోటళ్ల పచ్చడి చూసి, పొట్టు తీయాలని రూలు రాయించింది నేనే. చేయి కడుక్కుని లేచాను. ఆమె డబ్బాలో పచ్చడి పెట్టిచ్చింది.

రాత్రి ఇంట్లో శ్రీను దోసెల్లోకి దాన్ని రెండుసార్లు వేయించుకున్నాడు. "బాగుంది గానీ, రూలు రూలే గదమ్మా" అన్నాడు.

మన బంకు పచ్చడి ఇదేనని, ఆ రూలు పెట్టించింది నేనేనని అప్పుడైనా చెప్పడానికి నాకు నోరు రాలేదు. కేశవా, రేపు వాడు బోర్డు తీసే మనిషికి ఫోన్ చేయకముందే ఆ మాట నా చేత పలికించు.